ఫ్రాంక్లిన్ కౌంటీలో నలువది యేండ్ల హృదయ రక్షణము

చరిత్ర యనగానే మన దీవిలో కోరంగి రేవు నుండి బయలుదేరిన ఓడలును, చెరకు తోటలలోని కూలి లైన్లును, మన ముత్తాతల ఒప్పంద కాగితములును జ్ఞప్తికి వచ్చును. అది న్యాయమే. కాని ఒక సీమలోని సామాన్య జనులు తమ గుండెలను తామే కాపాడుకొనిన విధము కూడ చరిత్రయే యగును. అట్టి చరిత్ర యొకటి అమెరికా సంయుక్త రాష్ట్రములలో, మేన్ రాష్ట్రమునందలి ఫ్రాంక్లిన్ కౌంటీలో, 1970 నుండి 2010 వరకు నడచినది. రక్తపు పోటుగాని చక్కెర వ్యాధిగాని లేని గృహము మనలో అరుదు. కావున ఈ వృత్తాంతము మన కుటుంబములకు పనికివచ్చునని తలంచి ఇచట వ్రాయుచున్నాము.

ఫ్రాంక్లిన్ కౌంటీ అమెరికా ఈశాన్యపు మూలను కెనడా సరిహద్దు నానుకొనియున్న కొండసీమ. వైశాల్యములో మన మారిషస్ దీవికి రెండింతలకు మించియుండును; అయినను 1970 జనాభా లెక్కలలో అచట నుండినవారు 22,444 మంది మాత్రమే. ముఖ్య పట్టణము ఫార్మింగ్టన్. అడవి, కొయ్య, కాగితము, చెప్పులు, ఇవియే వారి జీవనాధారములు. జే అను ఊరిలో 1965లో పెద్ద కాగితపు మిల్లు నెలకొనెను. విల్టన్ అను ఊరిలో 1876 నుండి చెప్పుల తయారీ సాగుచుండెను. స్ట్రాంగ్ అను మరియొక చిన్న యూరు పండ్లు కుట్టుకొను పుల్లల తయారీకి లోకప్రసిద్ధి గాంచెను. అచటి చలి యెంతటిదనగా, చెవులకు వెచ్చని తొడుగులను 1873లో కనిపెట్టిన చెస్టర్ గ్రీన్‌వుడ్ అను 15 ఏండ్ల బాలుడు ఈ ఫార్మింగ్టన్ వాడే. ప్రతి డిసెంబరులోను ఊరివారు అతని పేర ఉత్సవము జరుపుకొందురు. ఎండకు గొడుగు పట్టుకొని తిరుగు మనకు ఇది వింతగనే తోచును. కాని ఊరంతయు ఒకే మిల్లు నమ్ముకొని బ్రదుకుటయు, కూలి చాలకుండుటయు, వైద్యుడు దూరముననుండుటయు తోటల నడుమ పెరిగిన మనకు క్రొత్త సంగతులు కావు.

వారి ప్రయత్నము అర్థమగుటకు అప్పటి వైద్యవిజ్ఞానము ఏ దశలో నుండెనో కొంత చెప్పవలసియున్నది. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మెదడులో రక్తనాళము చిట్లి మరణించెను. ఆనాడు ఆయన రక్తపు పోటు 300/190 వరకు పోయినట్లు వైద్యుడు వ్రాసియుంచెను. లోకమునందెల్ల బలవంతుడైన యధికారికే రక్తపు పోటును దించు సరియైన మందు ఆనాడు లేకపోయెను. తరువాత మూడేండ్లకు, 1948లో, ఆ ప్రభుత్వము జాతీయ హృదయ సంస్థను నెలకొల్పెను. ఆ యేడే మసాచుసెట్స్ రాష్ట్రమునందలి ఫ్రేమింగ్‌హామ్ పట్టణములో 5,209 మంది స్త్రీపురుషులను చేర్చుకొని, వారిని జీవితాంతము పరీక్షించుచు పోవు మహాశోధన ఆరంభమయ్యెను. రక్తపు పోటు, రక్తమునందలి కొలెస్ట్రాల్ అను కొవ్వు, పొగత్రాగుట, ఇవి గుండెజబ్బునకు ముందుగా నడచు దూతలని ఆ పట్టణపు జనులే లోకమునకు తెలిపిరి.

తెలిసినంత మాత్రమున ఫలమేమి? రక్తపు పోటును మందుతో దించినచో ఆయుర్దాయము పెరుగునా యనుటకు రుజువు 1967 వరకు రాలేదు. ఆ యేట ఎడ్వర్డ్ ఫ్రీస్ అను వైద్యుని నాయకత్వమున, యుద్ధము నుండి మరలివచ్చిన సైనికుల ఆసుపత్రులలో జరిగిన పరీక్ష ప్రకటితమయ్యెను. రక్తపు పోటు మిక్కిలి హెచ్చుగానున్న 143 మంది పురుషులలో కొందరికి నిజమైన మందు, కొందరికి మందువలె కనబడు ఉత్త మాత్ర ఇచ్చిరి. ఉత్త మాత్ర మ్రింగినవారిలో 27 ఘోరమైన ఉపద్రవములు కలుగగా, మందు పుచ్చుకొనినవారిలో రెండు మాత్రమే కలిగెను. ఇచట మనవారికి ప్రీతి కలిగించు సంగతి యొకటి కలదు. ఆ చికిత్సలో వాడిన మూడు ఔషధములలో ఒకటి రిసర్పిన్. అది మన సర్పగంధి వేరునుండి తీసినది. ఆ వేరు రక్తపు పోటును దించునని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఒక ఆంగ్ల వైద్యపత్రికలో ప్రకటించగా, 1952లో స్విట్జర్లాండు రసాయనశాస్త్రజ్ఞులు దానినుండి రిసర్పిన్‌ను వేరుచేసిరి. (ఇది చదివి ఎవరును వేరు నూరుకొని త్రాగవలదు. ఆ మందు మనస్సును క్రుంగదీయు గుణము కలది. నేడు దానికంటె మంచి మందులు వచ్చుటచే వైద్యులు దానిని అరుదుగా వాడుచున్నారు.)

ఇట్లు మందు దొరకెను, రుజువును దొరకెను. అయినను జనులకు మేలు కలుగలేదు. ఆ కాలపు వైద్యులలో 'సగముల లెక్క' యను మాట యొకటి ప్రచారములో నుండెను. రక్తపు పోటు గలవారిలో సగము మందికి తమకది యున్నదనియే తెలియదు. తెలిసినవారిలో సగము మంది మందు పుచ్చుకొనరు. పుచ్చుకొనువారిలో సగము మందికే అది అదుపులో నుండును. అనగా నూరుగురిలో పండ్రెండు పదముగ్గురికి మించి రక్షణ లేదన్నమాట. లోపము మందులో లేదు; మందుకును మనిషికిని నడుమనున్న దారిలో కలదు. ఫ్రాంక్లిన్ కౌంటీవారు పట్టుకొనినది సరిగా ఈ దారినే.

1970 ప్రాంతమున ఆ కౌంటీలో గ్రామీణ ఆరోగ్య సమాజమను పేర కొందరు వైద్యులు లాభాపేక్ష లేని వైద్యకూటమి నేర్పరచిరి. పేదల కొఱకు పనిచేయు పశ్చిమ మేన్ సమాజసేవా సంస్థ వారితో చేయి కలిపెను. ఫార్మింగ్టన్‌లోని ఫ్రాంక్లిన్ మెమోరియల్ ఆసుపత్రి తోడ్పడెను. ఈ కలయిక నుండియే 1974లో ఫ్రాంక్లిన్ హృదయారోగ్య కార్యక్రమము జనించెను. పెద్ద నగరపు విశ్వవిద్యాలయమేదియు వచ్చి దానిని స్థాపింపలేదు. ఒకరి నొకరు పేరుపెట్టి పిలుచుకొను పరిచయము గల వైద్యులు, నర్సులు, ఊరిపెద్దలు తమకు తాముగా తలపెట్టిన పని యది.

పని జరిగిన తీరును కొంచెము విపులముగా చెప్పుదుము. ఏలయనగా ఇందులోనే సారమంతయు కలదు. నర్సులును, వారివద్ద శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులును రోగులు తమ వద్దకు వచ్చువరకు కనిపెట్టుకొని యుండలేదు. ఊరి సభాభవనములకు, చర్చిల క్రింది గదులకు, పాఠశాలలకు, మిల్లులకు, కార్ఖానాలకు తామే పోయిరి. వచ్చినవారి రక్తపు పోటును కొలిచి, అంకెను వ్రాసి, ఆ మనిషితో ముఖాముఖి మాటలాడిరి. ఉప్పు ఎంత తినుచున్నావు, పొగ త్రాగుచున్నావా, మందు తెచ్చుకొనుటకు డబ్బున్నదా అని విచారించిరి. పోటు హెచ్చుగానున్నచో వైద్యుని వద్దకు పంపి, ఆ సంగతిని వైద్యునికిని తెలిపిరి. అంతటితో నిలువలేదు. పంపిన మనిషి నిజముగా వైద్యుని చూచెనా, మందు మొదలుపెట్టెనా, పెట్టి మానివేసెనా యని మరల మరల కనుగొనుచుండిరి. చికిత్స చేయుట వైద్యుని వంతు; మనిషిని చేజార్చుకొనకుండుట నర్సు వంతు. వైద్యులు దీనిని తమ పనిలో జోక్యముగా తలంపక సహాయముగా తలంచుట వారి యదృష్టము. వైద్యుడు ఒక రోగికి ఈయగల కాలము కొలది నిమిషములు. నర్సు యొక్క విచారణ ఏండ్లతరబడి సాగును.

మొదటి నాలుగేండ్లలోనే కౌంటీలోని వయోజనులలో ఇంచుమించు సగము మంది రక్తపు పోటు చూపించుకొనిరి. 1975లో రక్తపు పోటు గలవారిలో నూటికి 18.3 మందికి మాత్రమే అది అదుపులోనుండగా, 1978 నాటికి ఆ సంఖ్య 43.0కు పెరిగెను. మూడేండ్లలో ఇంతటి మార్పు క్రొత్త మందు వలన కలిగినది కాదు. ఉన్న మందును మానకుండునట్లు చూచుటవలన కలిగినది.

మానివేయుట యనిన మా బంధువులలో ఒక పెద్దాయన గుర్తుకు వచ్చుచున్నారు. రెండు నెలలు మాత్రలు మ్రింగి, తలనొప్పి తగ్గగానే, రోగము పోయినదని సీసాను అటకపై పెట్టివేసిరి. ఇంటిలో ఎవరును అడుగలేదు; మేమును అడుగలేదు. ఆయన రెండేండ్లు ఆరోగ్యముగనే తిరిగిరి. తరువాత ఒకనాటి తెల్లవారుజామున కుడిచేయి, మాట రెండును పడిపోయినవి. ఆ సీసాలో మాత్రలు సగము అట్లే యుండెను. రక్తపు పోటు బాధ పెట్టని వ్యాధి. అందువలననే దానికి ఎవరో యొకరు అడుగువారుండవలెను.

ఫ్రాంక్లిన్‌వారు రక్తపు పోటుతో ఆగక, 1986లో కొలెస్ట్రాల్ పరీక్షలను, 1988లో పొగాకు మాన్పించు పనిని చేర్చిరి. తరువాత చక్కెర వ్యాధిని కూడ చేర్చిరి. కొలెస్ట్రాల్ హెచ్చుగానున్నవారిలో అది అదుపులోనున్నవారు 1986లో నూటికి 0.4 మంది, అనగా లేరనియే చెప్పవచ్చును. 2010 నాటికి 28.9 మంది. ఇందులో క్రొత్త మందుల పాలు చాల కలదని ఒప్పుకొనవలెను. పొగత్రాగినవారిలో మానివేసినవారు 1996లో నూటికి 48.5 మంది కాగా, 2000 నాటికి 69.5 మంది. ఆ కాలమున ఇది మేన్ రాష్ట్రపు సగటుకంటె ఎంతయో మెరుగు. తరువాత రాష్ట్రమంతటను జనులు పొగాకు మానుటచే ఆ భేదము మాసిపోయెను. ఇతరులు తమను కలుసుకొనుటచే పోయిన యాధిక్యము గనుక, ఇట్టి ఓటమి సంతోషింపదగినదే. 40 ఏండ్లలో ఈ కార్యక్రమమువారు కౌంటీ నివాసులను కలిసికొనిన సందర్భములు 1,50,000కు మించెను.

ఈ వివరములన్నియు 2015 జనవరిలో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటితమైనవి. మరణముల సంగతియు అందు కలదు. పేదరికము హెచ్చిన చోట మరణములు హెచ్చుననుట తెలిసినదే. కావున శోధకులు ఆయా కౌంటీల ఆదాయమునుబట్టి అచట ఎన్ని మరణములు కావలసియుండునో లెక్కగట్టి, నిజముగా అయిన మరణములతో పోల్చి చూచిరి. ఫ్రాంక్లిన్‌లో ఏటేట లక్షకు అయిన మరణములు 1970–1989 నడుమ అంచనాకంటె 60.4 తక్కువ, 1990–2010 నడుమ 41.6 తక్కువ. మేన్ రాష్ట్రమున రెండు కాలములయందును ఇట్లు తక్కువగా నిలిచిన కౌంటీ ఇది యొక్కటియే. ఆసుపత్రులలో చేరువారును తగ్గిరి. 1994–2006 నడుమ వేయిమందికి ఏటా 17 చేరికలు అంచనాకంటె తక్కువ. దానిచే ఏటా మిగిలిన ఆసుపత్రి వ్యయము 54 లక్షల డాలర్లకు పైబడినది.

ఒక మాట దాచక చెప్పవలెను. ఈ వ్యాసమును వ్రాసిన వైద్యుడు బర్జెస్ రికార్డ్, శాండ్రా రికార్డ్ మొదలగువారిలో పలువురు ఆ కార్యక్రమమున పనిచేసినవారే. చీట్లు వేసి కొన్ని ఊళ్లకు ఈ కార్యక్రమమునిచ్చి, కొన్నింటికి ఈయక చేసిన పరీక్ష యిది కాదు. కనుక మేలంతయు దీనివలననే కలిగినదని ప్రమాణము చేసి చెప్పుటకు వీలులేదు. వారును అట్లు చెప్పలేదు. ఈ సందేహమునకు కారణము లేకపోలేదు. 1980 దశకమున అదే అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు కాలిఫోర్నియాలోను, మరికొందరు మిన్నెసోటా ప్రాంతమునను, రోడ్ ఐలండ్‌లోని పాటకెట్ పట్టణమునను గొప్ప ధనవ్యయముతో ఇట్టి కార్యక్రమములే నడిపిరి. పత్రికలు, రేడియో, టెలివిజన్, పాఠశాలలు అన్నియు వినియోగించిరి. తుదకు పోల్చి చూచుటకై విడిచిపెట్టిన పట్టణములకంటె తమ పట్టణములు విశేషముగా మెరుగుపడినట్లు వారు చూపలేకపోయిరి. ఏలయనగా ఆ పట్టణములలోని జనులును ఆ యేండ్లలోనే తమంతట తాము మారుచుండిరి. పైగా అవి నిర్ణీత కాలమునకు వచ్చిన ధనముతో నడచినవి. ధనము ముగియగానే పనివారు వెడలిపోయిరి. ఫ్రాంక్లిన్‌లో పని చేసినవారు ఆ యూరివారే. కనుక వెడలిపోవుటకు వేరు చోటు లేదు. మా యభిప్రాయములో భేదమంతయు ఇచటనే కలదు. ఫిన్లండు దేశమున నార్త్ కరేలియా యను సీమవారు 1972లో మొదలుపెట్టిన ప్రసిద్ధ కార్యక్రమము కూడ స్థానికుల యర్జీనుండి పుట్టి, గృహిణుల సంఘముల చేతులమీదుగా నడచుటచేతనే నిలిచెనని తలంచుచున్నాము.

అమెరికాలోనే పెన్సిల్వేనియా రాష్ట్రమున రొసెటో అను చిన్న యూరి కథ వలసపోయిన వారి సంతతియగు మనకు మరింత దగ్గరిది. ఇటలీ దక్షిణమునందలి రొసెటో వాల్ఫొర్టోరె గ్రామమునుండి 1880 దశకమున బయలుదేరిన పేదలు పలకరాతి గనులలో కూలికై వచ్చి, ఆ యూరిని కట్టుకొనిరి. 1960 దశకము మొదట స్టూవర్ట్ వుల్ఫ్ అను వైద్యుడు అచట పరిశోధింపగా, ప్రక్కనున్న బాంగర్ అను ఊరికంటె రొసెటోలో గుండెపోటు మరణములు చాల తక్కువగా కనబడెను. వారు పందికొవ్వుతో వంటలు చేసికొని తినువారు, చుట్టలు త్రాగువారు, స్థూలకాయులును పెక్కుమంది. మరి రక్షణ యెక్కడిది? మూడు తరములవారు ఒకే కప్పు క్రింద బ్రదుకుట, చర్చి, సంఘములు, పండుగలు, కలిమి గలవారు దానిని ప్రదర్శింపకుండుట, ఇవియే కారణములని ఆయన తలంచెను. తరువాత పిల్లలు చదువుకొని, వేరు కాపురములు పెట్టి, పెద్ద యిండ్లు, కారులు సంపాదించిన పిమ్మట, 1970 దశకము నాటికి రొసెటోకును బాంగర్‌కును భేదము లేకుండపోయెను. ఊరు మిక్కిలి చిన్నది గనుక ఆ లెక్కలను శంకించినవారును కలరు. ఆ కథను చెప్పుకొని, కలిసి భజన చేసికొనుచున్నాము గనుక మాకేమి భయమని గారెలు వడ్డించుకొనువారిని మేము చూచియున్నాము. ఫ్రాంక్లిన్‌వారు మాత్రము కలసియుండుటను రక్తపు పోటు కొలుచు పనికి వాడుకొనిరి. దానికి బదులుగా కాదు.

మన దీవి చరిత్రలోను ఇట్టి ఘట్టమొకటి కలదు. మనలో చాలమంది దానిని మరచిరి. 1987లో జరిగిన ఆరోగ్య సర్వేలో గుండెజబ్బు, చక్కెర వ్యాధి మన జనులలో ఎంత హెచ్చుగానున్నవో తేలినది. అప్పుడు ప్రభుత్వము అందరును కొను రేషను నూనెను మార్చెను. అంతవరకు అందులో హెచ్చుపాలు పామాయిలు. తరువాత అది సోయాచిక్కుడు నూనె యయ్యెను. 1992లో మరల పరీక్షింపగా, జనుల రక్తమునందలి కొలెస్ట్రాల్ సగటు లీటరుకు 5.5 మిల్లీమోలుల నుండి 4.7కు దిగియుండెను. పొగత్రాగు పురుషులును నూటికి 58 నుండి 47కు తగ్గిరి. ఏ గృహిణియు తన వంట మార్చుకొనలేదు. నూనె మాత్రము మారినది. కాని ఆ అయిదేండ్లలోనే స్థూలకాయము పెరిగెను. దుకాణములోని నూనెను ప్రభుత్వము మార్చగలదు. అటకపైనున్న సీసాను దింపలేదు.

ఫ్రాంక్లిన్ కౌంటీలో విల్టన్ చెప్పుల కార్ఖానా 1998లో మూతపడెను. స్ట్రాంగ్‌లోని పుల్లల మిల్లు 2003లో పోయెను. జేలోని కాగితపు మిల్లు కూడ 2023లో మూతపడెను. మిల్లు వాకిట నిలిచి కార్మికుల రక్తపు పోటు చూచుటకు నేడు ఆ మిల్లులు లేవు. మన తోటలలోను చక్కెర కార్ఖానాలు ఒకటి తరువాత ఒకటి మూతపడుట మనమెరుగుదుము. ఫ్రాంక్లిన్‌వారికి చర్చి క్రింది గదులును, సభాభవనములును మిగిలినవి. మనకు గుడి వసారా మిగిలినది.

వసారాలో నెలకొకమారు, శనివారపు భజనకు పూర్వము, రక్తపు పోటు కొలుచు యంత్రమును, ఒక లెక్కపుస్తకమును ఉంచవలెనని మా కోరిక. యంత్రము వెల స్వల్పము. పుస్తకమే కష్టము, గత నెల వచ్చి ఈ నెల రానివారి యింటికి పోయి, అమ్మా, మాత్రలు వేసికొనుచున్నారా అని అడుగుటకు మనుష్యులు కావలెను. సభ్యులలో నర్సు పని చేసి విరమించినవారు కొందరు కలరు. వారును, ఈ పనికి సిద్ధపడు యువతీయువకులును తమ పేర్లను సంఘ కార్యదర్శికి తెలుపవలెనని కోరుచున్నాము.